డెలివరీ సూపర్‌వైజర్ పని మేనేజ్‌మెంట్ అనుభవం కిందకి రాదా? ఉద్యోగం చేస్తూ ఎంబీఏ ఎలా?

కోనసీమ_హబ్
అమలాపురం పక్కన ఒక కొరియర్ హబ్‌లో డెలివరీ సూపర్‌వైజర్‌ని. బీకాం పాస్. కింద 16 మంది రైడర్లు, సార్టింగుకి ముగ్గురు. వేరే కంపెనీలో ఏరియా మేనేజర్ పోస్టుకి వెళ్తే "మీది డెలివరీ అనుభవం, మేనేజ్‌మెంట్ కాదు, పైగా ఎంబీఏ లేదు" అన్నారు. రెజ్యూమేలో ఇలా ఉంది: "డెలివరీ బాయ్స్‌ని చూసుకోవడం, పార్సిళ్ళు టైముకి పంపడం, కస్టమర్ కంప్లయింట్లు పరిష్కరించడం." దీన్ని ఎలా మార్చాలి? ఉద్యోగం మానకుండా ఎంబీఏ చేస్తే ఏ సబ్జెక్టులు ఈ పనికి నిజంగా అక్కరకొస్తాయి?

రావులపాలెం_లారీ
ఎంబీఏ దండగండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, వీ-లుకప్ ఫార్ములా వచ్చి, హబ్ లాభనష్టాల షీటు చదవడం వస్తే చాలు. ఆ రెండూ రాని ఎంబీఏలు బోలెడుమంది.

హెచ్ఆర్_కాకినాడ
@రావులపాలెం_లారీ, పనికి చాలేమో గానీ వడపోతకి చాలదండి. ఏరియా మేనేజర్ పోస్టుకి అప్లికేషన్లు కుప్పలుగా వస్తే మొదట డిగ్రీ కాలమ్ మీదే కత్తెర పడుతుంది. ఆ తర్వాతే అనుభవం చదువుతారు.

@కోనసీమ_హబ్, మీ వాక్యంలో తప్పు లేదు, కానీ అందులో ఒక్క అంకె కూడా లేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి నాలుగు విషయాలు కావాలి: ఎంతమంది మనుషులు, రోజుకి ఎంత సరుకు, ఎంత డబ్బు చేతులు మారుతోంది, ఎంత ఏరియా. ఆ తర్వాత మీరొచ్చాక ఏది ఎంత నుంచి ఎంతకి మారింది. "చూసుకోవడం" అనే మాట తీసెయ్యండి. డ్యూటీ రోస్టర్ వేసేది మీరా, కొత్త రైడర్‌ని తీసుకునేది మీరా, ఇన్సెంటివ్ లెక్క కట్టేది మీరా, క్లెయిమ్ మీద సంతకం ఎవరిది? వీటిలో మీ నిర్ణయం మీద జరిగేవి ఏవో అవే మేనేజ్‌మెంట్. పైవాళ్ళు చెబితే చేసేవి వేరే లైన్లో పెట్టండి, కలపకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

లెక్కల_మేస్టారు
అంకెలు రాసే ముందు హారం ఏమిటో తేల్చుకోండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. హబ్‌కి 600 పార్సిళ్ళు వచ్చాయి, 540 రైడర్లతో బయటికెళ్ళాయి, 459 డెలివరీ అయ్యాయి అనుకోండి. 459ని 540తో భాగిస్తే 85 శాతం. 600తో భాగిస్తే 76.5. రెండూ నిజమే. మొదటిది రైడర్ల పనితనం, రెండోది హబ్ పనితనం. బయటికెళ్ళని ఆ 60 ఎందుకు ఆగాయి అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది సూపర్‌వైజరే. "మా డెలివరీ 85 శాతం" అని ఊరుకుంటే తెలిసినవాళ్ళు వెంటనే "దేని మీద?" అంటారు.

మొదటి అటెంప్ట్‌లోనే అయినవి వేరుగా లెక్క కట్టండి. మూడో అటెంప్ట్‌కి అయిన పార్సిల్ కూడా డెలివరీయే, కానీ దానికి మూడుసార్లు పెట్రోలు కాలింది.

గౌతమి_తీరం
ఇందులో ఫేక్ అటెంప్ట్ బెడద కూడా ఉంది. రైడర్ ఊళ్ళోకి వెళ్ళకుండానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని కొట్టేస్తాడు, అటెంప్ట్ లెక్కలో పడిపోతుంది. పట్టుకోవడం కష్టం కాదు: రిమార్క్ కొట్టిన టైము, లొకేషన్ చూడండి. ఒకే చోట నిలబడి అయిదు నిమిషాల్లో పది రిమార్కులు పడితే వాడు టీ కొట్టు దగ్గరున్నట్టే. రోజూ సాయంత్రం డెలివరీ కాని వాటిలో ఓ పదింటికి సూపర్‌వైజరే ఫోన్ చేసి అడగాలి. వారం రోజులు ఆపకుండా చేస్తే దొంగ రిమార్కులు క్రమంగా తగ్గుతాయి.

సఖినేటిపల్లి_సాయి
అన్నా, మాకు జరిగే అన్యాయం కూడా ఎవరో ఒకరు రాయండి. లంక రూట్లకి (గోదావరి పాయల మధ్య దీవి ఊళ్ళకి) పార్సిల్‌కి అదే రేటు, టౌన్‌కి అదే రేటు. ఏ రైడర్ నిలబడతాడు?

లెక్కల_మేస్టారు
@సఖినేటిపల్లి_సాయి చెప్పింది అంకెల్లో పెడితే ఎంబీఏ సగం అర్థమైపోతుంది. ఉదాహరణకి పార్సిల్‌కి 15 రూపాయలు, పెట్రోలు లీటరు 110, బండి మైలేజీ 45 అనుకుందాం.

టౌన్ రూట్: 50 పార్సిళ్ళు, 25 కిలోమీటర్లు. రాబడి 750, పెట్రోలు 61, మిగులు 689.
లంక రూట్: 25 పార్సిళ్ళు, 90 కిలోమీటర్లు. రాబడి 375, పెట్రోలు 220, మిగులు 155.

ఇద్దరిదీ ఒకే ఎండ, ఒకే రోజు. లంక రైడర్‌కి టౌన్ రైడర్‌తో సమానంగా మిగలాలంటే పార్సిల్‌కి 36 రూపాయల పైన ఇవ్వాలి. కంపెనీ ఒప్పుకోదు. అందుకే లంక రూట్లో మనిషి నెలలో మానేస్తాడు, ఆ పిన్‌కోడ్ పార్సిళ్ళు హబ్‌లో పేరుకుంటాయి, నెలాఖరున సూపర్‌వైజర్ శాతం పడిపోతుంది. పైనుంచి వచ్చే మెయిల్లో మాత్రం "రైడర్లని మోటివేట్ చెయ్యండి" అని ఉంటుంది. ఇది మోటివేషన్ సమస్య కాదు, రూట్ సాంద్రత సమస్య. కిలోమీటరుకి ఎన్ని పార్సిళ్ళు పడుతున్నాయన్నదే అసలు లెక్క: టౌన్లో 2, లంకలో 0.28.

ముమ్మిడివరం_రమణ
దానికి మందుంది: రోజు విడిచి రోజు. ఒకే రైడర్‌కి రెండు లంక రూట్లు, ఒక రోజు ఇది, ఒక రోజు అది. 50 పార్సిళ్ళు పోగవుతాయి. రాబడి 750, పెట్రోలు 220, మిగులు 530. ఒక రైడర్ కూడా తగ్గుతాడు.

గౌతమి_తీరం
@ముమ్మిడివరం_రమణ, కాగితం మీద బాగుంది గానీ ఒక చిక్కుందండి. కస్టమర్‌కి యాప్‌లో చూపించిన తేదీ మారదు కదా. హబ్‌లో ఒక రోజు ఆపితే గడువు దాటినట్టు పడుతుంది, పెనాల్టీ హబ్ మీదే. సూపర్‌వైజర్ తనంతట తాను ఇలా చేస్తే ఉద్యోగానికే ఎసరు. ముందు ఆ పిన్‌కోడ్‌లకి డెలివరీ గడువు ఒక రోజు పెంచమని రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు మేస్టారు వేసిన లెక్క, మూడు నెలల్లో ఆ రూట్లో ఎంతమంది మానేశారో, కొత్తవాడు దారులు నేర్చుకునేదాకా ఎన్ని పార్సిళ్ళు వెనక్కి పోయాయో జతచెయ్యాలి.

హెచ్ఆర్_కాకినాడ
పైన @గౌతమి_తీరం గారు చెప్పిన ఆ మెయిలు రాయగలిగినవాడే ఏరియా మేనేజర్. అది ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రెజ్యూమేలో చోటు ఉంది.

పంటు_రేవు
లంకల సంగతి వచ్చింది కాబట్టి. పిన్‌కోడ్‌ని ఏ హబ్‌కి కలపాలో పైన కూర్చుని మ్యాప్ చూసి నిర్ణయిస్తారు. మ్యాప్‌లో నర్సాపురం, సఖినేటిపల్లి పక్కపక్కనే. మధ్యలో గోదావరి పాయ వశిష్ట ఉంది. పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) మీద దాటితే దగ్గర, పంటు ఆగిందంటే చించినాడ వంతెన మీదుగా తిరిగి రావాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం కూడా ఇంతే, అక్కడ గౌతమి పాయ. దూరం పట్టికలో ఎప్పుడూ రోడ్డు దూరం వెయ్యండి. పంటు మీద ఆధారపడే రూటైతే చివరి పంటు టైముని రైడర్ తిరిగొచ్చే టైముగా రాసుకోండి. చీకటి పడ్డాక సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) డబ్బు జేబులో పెట్టుకుని అవతలి ఒడ్డున మనిషి ఉండిపోకూడదు.

ఎంబీఏ_రెండో_ఏడు
రూట్ లెక్కకి పుస్తకాల్లో మంచి పద్ధతి ఉంది. 1959లో డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు పెట్రోలు ట్యాంకర్లు బంకులకి ఎలా పంపాలన్న ప్రశ్న మీద పేపరు రాశారు. 1964లో క్లార్క్, రైట్ దానికి చేత్తో చేసుకునేంత తేలిక దారి చూపించారు. ఆదా లెక్క అంటారు. హబ్ నుంచి మొదటి ఊరు 12 కిలోమీటర్లు, రెండో ఊరు 15, ఆ రెండు ఊళ్ళ మధ్య 5. విడివిడిగా వెళ్ళొస్తే 24, 30 కలిపి 54. ఒకే చుట్టులో అయితే 12, 5, 15 కలిపి 32. ఆదా 22. ఇలా ప్రతి ఊరి జతకీ ఆదా రాసి, ఎక్కువ ఆదా ఉన్న జతల నుంచి కలుపుకుంటూ పోవాలి, బ్యాగులో పట్టేదాకా. పదిహేను ఊళ్ళకి 105 జతలు. ఎక్సెల్‌లో ఒక పూట పని.

@పంటు_రేవు గారు అన్నట్టు ఆ 5 కిలోమీటర్ల మధ్యలో నది ఉంటే అది 5 కాదు, 40 కావచ్చు. అప్పుడు ఆదా మైనస్‌లోకి పోతుంది, ఆ జత కలపకూడదని లెక్కే చెబుతుంది.

రావులపాలెం_లారీ
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నా. కానీ ఇది నేర్చుకోవడానికి రెండేళ్ళ ఫీజు కట్టాలా?

ఎంబీఏ_రెండో_ఏడు
ఇదొక్కటే కావాలంటే అక్కర్లేదండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఆపరేషన్స్, సప్లై చెయిన్ కోర్సులు ఉచితంగా చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, ఒక్కో కోర్సుకి 1000 రూపాయలు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి. 8 వారాలో 12 వారాలో పట్టే ఒక కోర్సు ముందు చేసి చూడండి. రాత్రి హబ్ మూశాక చదువు సాగుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. సాగితే అప్పుడు ఎంబీఏ.

కోనసీమ_హబ్
అందరికీ ధన్యవాదాలండి. ఎంబీఏ ఎక్కడ? ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసి రెగ్యులర్‌లో చేరి, కాలేజీకి వెళ్ళకుండా పరీక్షలు రాసుకోవచ్చని కొందరంటున్నారు.

హెచ్ఆర్_కాకినాడ
ఆ దారి వద్దండి. సర్టిఫికెట్‌లో రెగ్యులర్ అని ఉంటుంది, అదే రెండేళ్ళు మీ పీఎఫ్ ఖాతాలో నెలనెలా జమ పడి ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రెండూ పక్కపక్కన పెడతారు. అప్పుడు చదువు అబద్ధమో ఉద్యోగం అబద్ధమో చెప్పాల్సి వస్తుంది. దూరవిద్య అని నిజం రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది.

చూడాల్సింది ఒక్కటే: ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, మీరు చేరే ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉందా. యూనివర్సిటీకి ఉంటే సరిపోదు, కోర్సు పేరు కూడా జాబితాలో ఉండాలి. ఏజెంటు మాట కాదు, బ్యూరో వెబ్‌సైట్‌లో చూడండి. చేరడానికి డెబ్ ఐడీ (ఆ బ్యూరో దగ్గర విద్యార్థి నంబరు) మీరే సృష్టించుకోవాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (చదువు క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ ఉండాలి. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు తేడాగా ఉంటే ఇక్కడే ఆగిపోతారు. మన దగ్గర ఇంటిపేరు ఒక దాంట్లో పూర్తిగా, ఇంకో దాంట్లో పొడి అక్షరంగా ఉండటం మామూలే కాబట్టి ముందే సరిచేయించుకోండి.

ఎంబీఏ_రెండో_ఏడు
ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఎంబీఏకి డిగ్రీలో జనరల్ వాళ్ళకి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 45 శాతం ఉండాలి. ప్రవేశ పరీక్ష లేదు. కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా నాలుగేళ్ళు. జనవరిలోనూ జులైలోనూ చేరొచ్చు. అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం. ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో కూడా చూడండి, పైన చెప్పిన అనుమతి సరిచూసుకుని.

స్పెషలైజేషన్ ఆపరేషన్స్ తీసుకోండి. హెచ్ఆర్ తేలిక అని చాలామంది అటు వెళ్తారు, మీ పనికి అది అతకదు.

లెక్కల_మేస్టారు
సబ్జెక్టులు ఎక్కడ పనికొస్తాయో కూడా చెబుదాం, లేకపోతే చదువు చదువుగానే ఉండిపోతుంది.

అకౌంటింగులో స్థిర ఖర్చు, చర ఖర్చు విడదీయడం నేర్పుతారు. హబ్ అద్దె, కరెంటు, సార్టర్ల జీతం సరుకు వచ్చినా రాకపోయినా ఉండేవి. రైడర్ చెల్లింపు పార్సిల్‌తో పెరిగేది. ఈ రెండూ విడదీస్తే రోజుకి ఎన్ని పార్సిళ్ళకి హబ్ ఖర్చు గట్టెక్కుతుందో తెలుస్తుంది. ఈ ముక్క హబ్‌లో ఎవరూ చెప్పరు.

ఆపరేషన్స్‌లో లిటిల్ సూత్రం. 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. ఫ్లోర్ మీద సగటున ఉండే సరుకు అంటే రోజుకి వచ్చే సరుకుని అది సగటున ఉండే రోజులతో గుణించడమే. రోజుకి 600 వస్తూ ఫ్లోర్ మీద 900 ఉంటే ఒక్కో పార్సిల్ సగటున రోజున్నర ఆగుతోంది. 1500 ఉంటే రెండున్నర రోజులు. ప్రతి పార్సిల్ స్కాన్ చరిత్రా తవ్వక్కర్లేదు, సాయంత్రం ఫ్లోర్ లెక్క ఒక్కటి చాలు. వారం సగటు తీసుకోండి, ఒక్క రోజు అంకె నమ్మకండి.

కొత్తపేట_స్వాతి
మేనేజ్‌మెంట్ పాఠాల్లో వచ్చే హెన్రీ ఫేయోల్ సూత్రాలు పరీక్ష కోసం బట్టీ కొట్టి వదిలేస్తారు కానీ, 14 సూత్రాల్లో ఒక మనిషికి ఒకే పై అధికారి అన్నదొక్కటి హబ్‌లో పెడితే సగం గొడవలు పోతాయి. రైడర్‌కి సూపర్‌వైజర్ ఒక రూట్ చెబుతాడు. కాంట్రాక్టర్ మనిషి ఫోన్ చేసి ఇంకో రూట్‌కి వెళ్ళమంటాడు. క్లస్టర్ మేనేజర్ వాట్సాప్‌లో ఒక అర్జెంట్ పార్సిల్ పెడతాడు. ముగ్గురి మాటా విన్నవాడు ముగ్గురి దగ్గరా తిట్లు తింటాడు. రైడర్‌కి చేరే ఏ మాటైనా సూపర్‌వైజర్ ద్వారానే అని ఒక్క రూలు పెట్టించండి.

భీమవరం_క్యాష్
డబ్బు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. సూపర్‌వైజర్ ఉద్యోగాలు ఎక్కువగా పోయేది శాతాల వల్ల కాదు, సీఓడీ షార్టేజ్ వల్ల.

సాయంత్రం ప్రతి రైడర్‌కీ ఒకే లెక్క. రన్ షీట్‌లో (ఆ రోజు రైడర్‌కి ఇచ్చిన పార్సిళ్ళ జాబితాలో) సీఓడీ మొత్తం 21,450 అనుకోండి. డెలివరీ కాక తిరిగొచ్చిన పార్సిళ్ళ విలువ 5,270 తీసేస్తే 16,180. అందులో క్యూఆర్ మీద కంపెనీ ఖాతాకి వచ్చింది 8,380. చేతికి రావాల్సిన నోట్లు 7,800. ఇక్కడ మూడు చోట్ల తప్పు జరుగుతుంది:

తిరిగొచ్చిన పార్సిల్‌ని చేత్తో చూడకుండా సిస్టమ్‌లో "రిటర్న్" కొట్టడం. పార్సిల్ ఇచ్చేశాడు, డబ్బు జేబులో ఉంది, షీట్‌లో మాత్రం రిటర్న్. ప్రతి తిరుగు పార్సిల్‌నీ స్కాన్ చేసి, టేపు ఊడిందేమో చూసి, ర్యాక్‌లో పెట్టాకే లెక్క ముగించాలి.

కస్టమర్ రైడర్ సొంత నంబరుకి ఫోన్‌పే చెయ్యడం. "సర్వర్ రావట్లేదండి, నాకు కొట్టండి, నేను కడతా" అంటాడు. మొదటి రోజు కడతాడు కూడా. దీన్ని మొదటి రోజే ఆపాలి.

నోట్లు లెక్కపెట్టే మనిషే సిస్టమ్‌లో షీట్ క్లోజ్ చెయ్యడం. ఇద్దరూ వేరువేరు మనుషులు ఉండాలి. ఆడిటింగ్ పేపర్లో అంతర్గత నియంత్రణ అని చదివేది ఇదే. 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని అని విడివిడిగా రాసి రైడర్ సంతకం తీసుకోండి. మొత్తం ఒక్కటే రాస్తే రేపు బ్యాంకులో తేడా వచ్చినప్పుడు ఎవరిదో తేలదు.

సఖినేటిపల్లి_సాయి
రెండోది నూటికి నూరుపాళ్ళు నిజం. అప్పు అలా మొదలై రైడరే మునుగుతాడు అన్నా.

గౌతమి_తీరం
ఉదయం పూట షార్టేజ్ కూడా చెప్పాలి. లైన్‌హాల్ బండి (హబ్‌కి సరుకు తెచ్చే లారీ) రాగానే ముందు సీలు నంబరు మేనిఫెస్ట్‌తో (సరుకు జాబితాతో) సరిచూడాలి, తర్వాత బ్యాగుల లెక్క, ఆ తర్వాతే విప్పడం. సీలు తేడాగా ఉంటే డ్రైవర్ ఉండగానే ఫొటో తీసి మెయిలు పెట్టాలి. బండి వెళ్ళిపోయాక చెబితే ఆ పార్సిల్ మీ హబ్‌లో పోయినట్టే, డెబిట్ మీకే.

దారి తప్పి వచ్చిన పార్సిళ్ళు, అదే మిస్‌రూట్‌లూ వెంటనే తీసెయ్యాలి. కృష్ణా జిల్లా గన్నవరానిది పి.గన్నవరం వచ్చేస్తుంది, గుంటూరు కొత్తపేటది మన కొత్తపేటకి. పేరు చూడకండి, పిన్‌కోడ్ చూడండి. పిన్‌కోడ్ కూడా తప్పుంటే ఫోన్ చేసి అడిగి, అదే రోజు బండికి వెనక్కి ఎక్కించండి. ఒక్క రోజు ఫ్లోర్ మీద పడి ఉంటే అది మీ పెండింగ్.

ఆత్రేయపురం_పూత
పార్టీల దగ్గర సరుకు తీసుకునే పికప్ వైపు పని కూడా చెప్పండి ఇంటర్వ్యూలో. ఇక్కడి నుంచి పూతరేకులు పంపేవాళ్ళు బరువు దగ్గర గొడవపడతారు. పెట్టె 30, 25, 15 సెంటీమీటర్లు. గుణించి 5000తో భాగిస్తే సైజుని బట్టి కట్టే బరువు 2.25 కిలోలు. లోపల సరుకు కిలో. రెండిట్లో ఎక్కువైన 2.25కే బిల్లు పడుతుంది. ముందే చెప్పి చిన్న పెట్టెలు వాడించిన సూపర్‌వైజర్‌కి ఆ పార్టీ జీవితాంతం ఉంటుంది. ఇంకోటి, ఆ పెట్టెలు బ్యాగులో అడుగున వెయ్యకండి బాబూ, అవతల పొడి దిగుతుంది.

ముమ్మిడివరం_రమణ
యానాం పార్టీలు ఉంటే ఇంకో జాగ్రత్త. రోడ్డు మీద వంతెన దాటితే యానామే, కానీ అది పుదుచ్చేరి. అక్కడికి వెళ్ళే వ్యాపార సరుకు అంతర్రాష్ట్రం కింద వస్తుంది, ఐజీఎస్టీ వెయ్యాలి. విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. పది నిమిషాల దూరమే కదా అని కాగితం లేకుండా ఎక్కించకండి.

పంటు_రేవు
వరదల గురించి రాయకపోతే గోదావరి జిల్లాల్లో ఈ ఉద్యోగం గురించి రాసినట్టే కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. విడుదల లెక్కలో 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. అక్కడి నీరు కింది లంకల్లోకి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలే సూపర్‌వైజర్‌కి ఉన్న సమయం.

మొదటి హెచ్చరిక పడగానే కాజ్‌వేల అవతలి ఊళ్ళ పార్సిళ్ళు రైడర్లకి ఇవ్వకూడదు. ఇప్పటికే వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలవాలి, మిగిలిన డెలివరీల కోసం ఆగనివ్వొద్దు. ఆ పిన్‌కోడ్‌లు హోల్డ్‌లో పెట్టమని పైకి మెయిలు పంపాలి. రిమార్క్ దగ్గర "కస్టమర్ లేరు" అని కొట్టారంటే అటెంప్ట్‌లు అయిపోయి పార్సిల్ వెనక్కి పోతుంది. "ప్రకృతి విపత్తు" కోడే వాడాలి. నేల మీదా, కింది అరలోనూ ఉన్న బ్యాగులు పైకి ఎత్తాలి. 2022 జులై వరదల లాంటిది వస్తే రూట్ తెరుచుకునేసరికి చాలా రోజులు పడుతుంది. నీరు తీశాక మొదటి రోజు మొత్తం పంపకండి. మందులు, పుస్తకాలు, ముందే డబ్బు కట్టినవి ముందు. సీఓడీ తర్వాత, ఎందుకంటే నీట మునిగిన ఇంట్లో ఆ రోజు డబ్బు ఉండదు, పార్సిల్ తిప్పి పంపుతారు.

హెచ్ఆర్_కాకినాడ
ఇదంతా రెజ్యూమేలో "విపత్తు సమయంలో డెలివరీ ప్రణాళిక" అని ఒక్క లైను. ఇంటర్వ్యూలో అడిగితే పైన @పంటు_రేవు గారు చెప్పిన వరసలో చెప్పండి.

కోనసీమ_హబ్
మార్చి రాశాను, చూడండి: "16 మంది రైడర్లు, ముగ్గురు సార్టర్ల బృందానికి బాధ్యత. 11 పిన్‌కోడ్‌లు, రోజుకి సగటున 620 పార్సిళ్ళు, సుమారు 3 లక్షల సీఓడీ. రోస్టర్, రూట్ కేటాయింపు, కొత్త రైడర్ల ఎంపిక, రోజువారీ నగదు సరిచూపు. నదీ పరీవాహక గ్రామాల రూట్లకి వరద ప్రణాళిక. డెలివరీ శాతం మెరుగుదల."

లెక్కల_మేస్టారు
చివరి లైను తప్ప అంతా బాగుంది. ఎంత నుంచి ఎంతకి, దేని మీద, ఎన్ని నెలల్లో? అది లేకపోతే ఆ లైను తీసెయ్యండి.

హెచ్ఆర్_కాకినాడ
దీనికి రుజువులు కూడబెట్టుకోండి. కాంట్రాక్టర్ పేరోల్ మీద ఉన్నారా? చాలా హబ్‌లలో పని సూపర్‌వైజర్‌ది, కాగితం మీద హోదా డెలివరీ అసోసియేట్‌ది. ఆఫర్ లెటర్లో హోదా ఏముందో ఇవాళే చూడండి. తేడా ఉంటే ఉద్యోగంలో ఉండగానే లెటర్‌హెడ్ మీద హోదా, తేదీలు రాయించుకోండి. మానేశాక ఎవరూ ఇవ్వరు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానిన తేదీ సరిగ్గా ఉన్నాయో చూడండి. పాత కంపెనీ మానిన తేదీ ఎక్కించకుండా వదిలేయడం మామూలే, అది ఖాళీగా ఉంటే రెండు చోట్లా ఒకేసారి పనిచేసినట్టు కనిపిస్తుంది. ఎగ్జిక్యూటివ్ కోర్సులకి వెళ్ళాలనుకుంటే ఇంకోటి: చాలా సంస్థలు డిగ్రీ పాసయ్యాక చేసిన ఉద్యోగాన్నే అనుభవంగా లెక్కిస్తాయి.

కొత్తపేట_స్వాతి
ఎంబీఏలో చెయ్యాల్సిన ప్రాజెక్టుకి మీ హబ్ డేటానే వాడండి. "లంక గ్రామాల్లో రోజు విడిచి రోజు డెలివరీ: ఖర్చు, కస్టమర్ సంతృప్తి" అని పెట్టినా చాలు, పైన చర్చించినదంతా అందులోకి వస్తుంది. కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు తీసేసి పిన్‌కోడ్, తేదీ, రిమార్క్ మాత్రమే ఉంచండి. వ్యక్తిగత డేటా మీద 2023 చట్టం ఉంది, యాప్ స్క్రీన్‌షాట్లు రిపోర్టులో అతికించకండి. సినాప్సిస్ (ప్రాజెక్టు ప్రతిపాదన) ఆమోదం రాకముందు ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు, టాపిక్ మార్చమంటే పని రెట్టింపు.

రావులపాలెం_లారీ
ఇంత పెట్టుకుని చదవడానికి టైమెక్కడుందండీ? దసరా, దీపావళి సేల్, ఆ వెంటనే సంక్రాంతి.

ఎంబీఏ_రెండో_ఏడు
క్యాలెండర్ ముందే వేసుకోవాలి. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరు. డిసెంబరు పరీక్షల అసైన్‌మెంట్లకి మామూలుగా అక్టోబరు 31 గడువు, జూన్ వాటికి ఏప్రిల్ 30. అక్టోబరు అంటే హబ్‌లో ఊపిరాడని నెల. అందుకని ఆ అసైన్‌మెంట్లు ఆగస్టులో మొదలుపెట్టి సెప్టెంబరు రెండో వారానికి ఇచ్చెయ్యండి. గడువు పొడిగిస్తారులే అని కూర్చోకండి. పరీక్ష ఫారం విడిగా నింపాలి, అసైన్‌మెంట్ ఇచ్చినంత మాత్రాన పరీక్షకి నమోదు అయినట్టు కాదు. జూన్ పరీక్షల్లో లెక్కల పేపర్లు, డిసెంబరులో థియరీ పేపర్లు రాసేలా పంచుకోండి, డిసెంబరు ముందు రెండు నెలలు లెక్కలు సాధన చేసే తీరిక ఉండదు. ఒక విడతలో అన్నీ రాయలేకపోతే కొన్ని తర్వాతి విడతకి వదిలెయ్యొచ్చు, నాలుగేళ్ళ గడువు ఉన్నది అందుకే.

కోనసీమ_హబ్
జనవరి విడతలో చేరాలా, జులైలోనా?

ఎంబీఏ_రెండో_ఏడు
జనవరి. మొదటి పరీక్షలు జూన్‌లో పడతాయి, ఫిబ్రవరి నుంచి మే దాకా హబ్ కాస్త ఖాళీ. జులైలో చేరితే మొదటి సెమిస్టరే వరదల్లో మొదలై సేల్‌లో ముగుస్తుంది. డెబ్ ఐడీ, పేర్ల సవరణ ఇప్పుడే మొదలుపెట్టండి.